పాత ఓడకి కొత్త పలక: నరసాపురం, కోరంగి రేవుల కథ

బెంగళూరులో పుట్టి పెరిగిన మన పిల్లల్ని "మీ పూర్వీకులు ఏం చేసేవాళ్ళు?" అని ఎవరైనా అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఒకటే. వ్యవసాయం, వ్యాపారం, మిలిటరీ, ఫ్యాక్టరీ ఉద్యోగం. సముద్రం అనే మాట ఎవరి నోటా రాదు. రావడానికి ఈ ఊళ్ళో సముద్రమే లేదు కదా. కన్నడ మీడియంలో చదివిన మా తరానికైతే ఓడ అనే మాటకంటే "హడగు" అనే మాటే ముందు నాలుకకి తగులుతుంది.

కానీ ఒక విషయం చూడండి. బర్మాలో తెలుగువాళ్ళని వందేళ్ళకి పైగా "కోరంగీలు" అన్నారు. మోరిషస్‌లో కూడా అదే పేరు వాడారు. కోరంగి ఒక రేవు. ఇప్పటి కాకినాడకి దక్షిణంగా, యానాం పక్కన, గౌతమీ గోదావరి నుంచి విడిపోయిన కోరంగి పాయ ఒడ్డున ఉన్న ఊరు. అంటే ప్రపంచంలో రెండు మూలల్లో మనవాళ్ళని భాష పేరుతో పిలవలేదు, రాజ్యం పేరుతో పిలవలేదు, ఓడ ఎక్కిన రేవు పేరుతో పిలిచారు. ఆ రేవుకి పేరు వచ్చింది సరుకు ఎగుమతి వల్ల ఒక్కటే కాదు. పాతబడిన ఓడల్ని బాగుచేసి మళ్ళీ సముద్రానికి పంపడంలో కూడా దానికి పెద్ద పేరు. ఈసారి రాస్తున్నది ఆ పని గురించి.

ఓడలు అక్కడికే ఎందుకు వచ్చేవి?

మ్యాప్ తీసి తూర్పు తీరం చూస్తే సంగతి అర్థమవుతుంది. పడమటి వైపు బొంబాయి, గోవా, కొచ్చి లాంటి సహజ రేవులున్నాయి. తూర్పు వైపు మద్రాసు నుంచి పైకి చాలా దూరం తిన్నని ఇసుక తీరమే. ఓడ సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడాలి, సరుకంతా చిన్న పడవల్లో ఒడ్డుకి చేరాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. ఆ నెలల్లో లోతు నీళ్ళలో లంగరు మీద నిలబడటం ప్రాణాలతో చెలగాటం.

అలాంటి తీరంలో గోదావరి డెల్టా ఒక వరం. నది పాయలు సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్ళు "మొగ" అంటారు. మొగ దాటి లోపలికి వస్తే అలలు ఉండవు. ఒడ్డంతా మెత్తని బురద, కాబట్టి ఓడ నేలకి ఆనినా అడుగు పగలదు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ వస్తుంది, ఆ పోటు మీద ఓడని లోపలికి లాక్కురావచ్చు. టేకు దుంగలు గోదావరి మీద తెప్పలు కట్టి ఎగువ అడవుల నుంచి దించవచ్చు. వడ్రంగులూ కమ్మర్లూ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నారు. ఒక ఓడని బాగుచేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

1614: గ్లోబ్ ఓడ నరసాపురం వచ్చింది

బాగా వివరాలు దొరికే తొలి కథల్లో ఇదొకటి. గ్లోబ్ అనే ఓడ ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీ తరఫున 1611లో బయలుదేరింది. వ్యాపారం చూసే ఇద్దరు పెద్దలు ఇంగ్లీషువాళ్ళు కారు, డచ్చివాళ్ళు. ఒకడు పీటర్ ఫ్లోరిస్, ఇంకొకడు లూకాస్ ఆంతెనిస్. 1611 ఆగస్టులో ఓడ మచిలీపట్నం చేరింది. ఇంగ్లీషు కంపెనీ అక్కడ కాలు పెట్టింది అప్పుడే. తర్వాత జావా, మలయా ద్వీపకల్పంలో పటానీ, సయాం వైపు రెండేళ్ళు తిరిగి, 1613 డిసెంబరులో మళ్ళీ మచిలీపట్నం వచ్చింది. మధ్యలో కెప్టెన్ హిప్పన్ పటానీలో చనిపోయాడు.

ఉష్ణ ప్రాంతపు నీళ్ళలో మూడేళ్ళు తిరిగిన చెక్క ఓడ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అడుగు తొడుగు పురుగు తినేసి ఉంటుంది. అదే ఓడ మళ్ళీ ఆఫ్రికా చుట్టి ఇంగ్లండ్ చేరాలి. దారిలో మునిగితే మనుషులూ పోతారు, మూడేళ్ళ సంపాదనా పోతుంది. అందుకని 1614 ఫిబ్రవరిలో దాన్ని నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరిలోకి తీసుకొచ్చారు. ఫ్లోరిస్ డైరీలో ఒక లెక్క ఉంది. ఓడకి కావలసిన నీటి లోతు తొమ్మిది అడుగుల పైచిలుకు, మొగలో దొరికింది పదిన్నర అడుగులు. అక్కడ అంత లోతు లేదని, ఓడ లోపలికి పోదని కొందరు చెప్పారట. మా మేలు కోరనివాళ్ళు చెప్పిన మాట అది అని ఆయన రాసుకున్నాడు. ఓడ అడుగుకీ నేలకీ మధ్య మిగిలింది ఒక అడుగు, అంతే. ఆ ఒక్క అడుగు నమ్మకం మీద లోపలికి వచ్చారు. అక్కడే ఓడని శుభ్రం చేసి అడుగుకి కొత్త తొడుగు వేయించుకున్నారు.

కథ అక్కడితో అయిపోలేదు. మచిలీపట్నం అధికారి దగ్గర ఫ్లోరిస్‌కి రావలసిన డబ్బు ఉంది. నెలలు గడిచినా చేతికి రాలేదు. 1614 నవంబరులో, బయలుదేరే టైం దగ్గరపడ్డాక, ఫ్లోరిస్ మనుషులు సుంకం కచేరీ నుంచి ఆ అధికారి కొడుకుని పట్టుకుని పడవలో వేసుకుని ఓడలోకి తీసుకుపోయారు. డైరీలో ఆ కుర్రవాడి పేరు "వెంకటాద్ర". మన వెంకటాద్రే. బ్రాహ్మణుడు కాబట్టి తన చేత్తో వండుకున్నది తప్ప తినడు, ఓడలో వండుకునే వీలు లేదు. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండిపోయాడు. అది చూసి తన మనసు కరిగిందని, అతని బదులు హోదా ఉన్న ఇద్దరు పూచీగా ఓడ ఎక్కితే వదిలేస్తానన్నానని ఫ్లోరిస్ రాశాడు. ఎవరూ ముందుకి రాలేదు. చివరికి తండ్రి బాకీ తీర్చాక కొడుకు ఒడ్డుకి వచ్చాడు.

గ్లోబ్ డిసెంబరులో బయలుదేరి 1615 ఆగస్టులో ఇంగ్లండ్ చేరింది. నరసాపురంలో వేసిన తొడుగు తట్టుకుంది. ఆ పలకలు కొట్టిన వడ్రంగుల పేర్లు డైరీలో లేవు. ఓడలో బందీగా ఉపవాసం ఉన్న కుర్రవాడి పేరు ఒక్కటే మనకి మిగిలింది. ఓడని బాగుచేసి ఇచ్చింది తెలుగువాళ్ళే, అదే ఓడలో బందీ అయింది తెలుగు కుర్రవాడే. రాబోయే మూడు వందల ఏళ్ళలో సముద్రంతో మన సంబంధం ఎలా ఉండబోతోందో అప్పుడే తెలిసిపోయినట్టు అనిపిస్తుంది.

మాధవాయపాలెం రోజులు

1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు తను చూసింది పుస్తకంగా రాశాడు. నరసాపురం, దాని పక్కన మాధవాయపాలెం గురించి అతని మాటల్లో మెచ్చుకోలు కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు నోరు తిరగక ఆ ఊరిని "మదపొల్లం" చేశారు, తర్వాత అక్కడి నూలు గుడ్డకీ అదే పేరు పడింది. ఇక్కడ మంచి కలప దొరుకుతుంది, ఇనుము దొరుకుతుంది, మేకులు, బోల్టులు, లంగర్లు లాంటి ఇనప పని ఏదైనా స్థానికులు చక్కగా చేస్తారు, ఓడ కట్టే మేస్త్రీలు చాలా నేర్పరులు అని అతని సారాంశం. ఇంగ్లీషు వ్యాపారులు ఏటా ఇక్కడ ఓడలు కట్టించుకునేవాళ్ళని కూడా రాశాడు.

లంగరు చేయడం చిన్న పని కాదండి. పెద్ద ఓడ లంగరు బోలెడు బరువుంటుంది, ఒక్క ముక్కలో రాదు. కాల్చిన ఇనప కడ్డీలని కట్టగా చేర్చి, కొలిమిలో కాల్చి కాల్చి, సుత్తులతో కొట్టి ఒకటి చేయాలి. లోపల ఎక్కడైనా అతుకు సరిగ్గా పడకపోతే తుఫాను రాత్రి తెగిపోతుంది. అది తెగితే ఓడ ఒడ్డుకి కొట్టుకుపోతుంది. నరసాపురం కమ్మర్ల మీద అంత భరోసా పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

పాత ఓడ కొంటే ఏం చేసేవాళ్ళు?

కొత్త ఓడ కట్టించాలంటే కలపకీ కూలీకీ పెద్ద పెట్టుబడి కావాలి. అందుకని చెక్క ఓడల కాలంలో పాత ఓడ కొని బాగుచేయించుకుని తిప్పడం మామూలే. పేరు మారేది, యజమాని మారేవాడు, తెరచాపల అమరిక కూడా మారేది. ఆ పని వరస ఇలా ఉంటుంది.

ముందు ఓడని తేలిక చేస్తారు. సరుకు, అడుగున బరువు కోసం వేసిన రాళ్ళు, తెరచాపలు, అన్నీ దించేస్తారు. పెద్ద పోటు మీద ఓడని ఒడ్డున తవ్విన గుంటలోకి లాగుతారు. పోటు తీయగానే వెనక మట్టికట్ట వేసి మిగిలిన నీళ్ళు తోడేస్తారు. గుంట లేని చోట మోకులు కట్టి ఓడని ఒక పక్కకి వంచుతారు, ఆ పక్క అయ్యాక రెండో పక్క.

తర్వాత అడుగుకి పట్టిన నాచు, గవ్వలు గీకేస్తారు. ఎండు గడ్డి మంటతో పైపైన కాలుస్తారు. ఇక అసలు పరీక్ష మొదలవుతుంది. మేస్త్రీ చిన్న సుత్తితో పలక పలకనీ కొట్టి వింటాడు. గట్టి చెక్క ఒకలా మోగుతుంది, లోపల పుచ్చినది ఇంకోలా. అనుమానం వచ్చిన చోట మేకుతో పొడిచి చూస్తాడు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఈ సుత్తి పరీక్ష గురించి చదివినప్పుడు ఆ మేస్త్రీ నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు. పైకి బాగా కనిపించేదాన్ని తట్టి వినడమే కదా మా పని కూడా.

పుచ్చిన పలక తీసి కొత్త పలక వేయడంలో కష్టం ఏమిటంటే, ఓడలో ఏ పలకా ఒంటరిగా ఉండదు. పక్కటెముకల్లాంటి వంకర దూలాలకి అది మేకులతో బిగించి ఉంటుంది. పలక విప్పితే దూలం పుచ్చు బయటపడుతుంది, దూలం తీస్తే అడుగు వెన్ను దూలం సంగతి తెలుస్తుంది. పాత ఇల్లు రిపేరి చేయించినవాళ్ళకి ఈ బాధ తెలుసు. ఒక గోడ అనుకుని మొదలుపెడితే పైకప్పు దాకా పోతుంది. అందుకే పాత ఓడ కొనేవాడు తనకి నమ్మకమైన మేస్త్రీని వెంటబెట్టుకుని పోయి, కొట్టి చూపించాకే బేరం ఆడేవాడు.

పలకలు అయ్యాక సందులు. ప్రతి సందులో నార కూరి, ఉలిలాంటి పనిముట్టుతో బిగగొట్టి, పైన గుగ్గిలం నూనెతో కలిపి పూస్తారు. ఆ పైన తొడుగు. ఉప్పునీళ్ళలో ఓడపురుగు అనేది ఒకటి ఉంది. పేరుకి పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతిది. చెక్కలో సన్నగా దూరి లోపల లోపల తొలుచుకుంటూ పోతుంది, బయటికి చిన్న చిల్లు మాత్రం కనిపిస్తుంది. దానికి మన దేశపు విరుగుడు ఏమిటంటే, సున్నం నూనెలో కలిపి గట్టి ముద్దలా చేసి ఓడ అడుగంతా మందంగా పట్టించి, దాని మీద పల్చటి పలకల తొడుగు కొట్టడం. పురుగు పై పలక తింటుంది, సున్నం దగ్గర ఆగిపోతుంది. కొన్నేళ్ళకి ఆ పై తొడుగు మార్చుకుంటే చాలు, అసలు ఓడ పదిలం.

చివరగా గుంటలోకి నీళ్ళు కొంచెం కొంచెంగా వదిలి, లోపల దీపం పట్టుకుని ఎక్కడ కారుతోందో చూస్తారు. ఇక్కడ ఓపిక కావాలి. ఎండిన చెక్క మొదట్లో కారుతుంది. ఒకటి రెండు రోజులు నానితే ఉబ్బి సందులు తానే మూసుకుంటుంది. ఏ కారుడు ఆగుతుందో, ఏది ఆగదో చెప్పగలిగినవాడే మేస్త్రీ.

రాగి తొడుగు తెచ్చిన చిక్కు

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఒక పెద్ద మార్పు వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం 1761లో అలార్మ్ అనే ఓడ అడుగుకి రాగి రేకులు కొట్టి చూసింది. పురుగు రాలేదు, నాచు కూడా పెద్దగా పట్టలేదు, ఓడ వేగం పెరిగింది. 1780ల మొదటికల్లా నౌకాదళం ఓడలన్నిటికీ రాగి వేయడం మొదలుపెట్టారు. కానీ పాత ఓడల్లో మేకులూ బోల్టులూ ఇనపవి. ఉప్పునీళ్ళలో రాగి పక్కన ఇనుము ఉంటే ఇనుము తొందరగా తినేస్తుంది. పైకి మెరిసే రాగి, లోపల పలకని పట్టుకున్న బోల్టు మట్టి అయిపోయి ఉంటుంది. దీనికి విరుగుడుగా రాగి మిశ్రమం బోల్టులు వచ్చాయి. ఒక భాగాన్ని మెరుగు చేస్తే దాన్ని ఆనుకున్న ఇంకో భాగం చెడిపోవడం మా ఆఫీసులో వారానికోసారి చూస్తాం, ఓడల వాళ్ళు అది మాకంటే రెండు వందల ఏళ్ళ ముందే చూశారు.

టేకుకి ఇక్కడ ఒక మేలు ఉంది. ఇంగ్లండ్ ఓక్ చెక్కలోని ఆమ్లం ఇనప మేకుని తింటుంది. టేకులోని నూనె దాన్ని కాపాడుతుంది. 1817లో బొంబాయిలో వాడియా కుటుంబం టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్ రేవులో నీళ్ళ మీద ఉంది. దాన్ని 1897లో నౌకాదళం అమ్మేసింది. వీట్లీ కాబ్ అనే ఆయన కొని, బాగుచేసి, ఫుద్రోయాంట్ అని పేరు మార్చి, కుర్రవాళ్ళకి శిక్షణ ఓడగా నడిపాడు. 1990 నుంచి 2001 దాకా మళ్ళీ పూర్తిగా బాగుచేసి పాత పేరు తిరిగి పెట్టారు. అందులో సగానికి పైగా చెక్క ఇప్పటికీ బొంబాయి నాటిదే.

కోరంగి డాక్

1802లో రోబక్ అనే కంపెనీ ఉద్యోగి పూనికతో కోరంగిలో ఓడల రిపేరు కోసం డాక్ కట్టడం మొదలైంది. నౌకాదళం ఓడలు కూడా బాగుచేసుకోవాలన్నది దాని ఉద్దేశం. గోదావరి జిల్లా మాన్యువల్ రాసిన హెన్రీ మోరిస్ లెక్క ప్రకారం కలకత్తాకీ సింహళంలోని ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడల్ని డాక్‌లోకి ఎక్కించే చోటు ఇదొక్కటే. ఆ రెంటి మధ్య ఎంత తీరం ఉందో ఆలోచించండి. మద్రాసు లాంటి ప్రెసిడెన్సీ రాజధానికి కూడా లేని వసతి అది.

పెద్ద ఓడలు వచ్చేవి, పోయేవి. రేవుకి రోజువారీ ప్రాణం మాత్రం దోనెలు. కన్నడంలో దోణి అంటే చిన్న పడవ గుర్తొస్తుంది. కోరంగి దోనె చిన్నది కాదు. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, అడుగు బల్లపరుపు. మొగ మీద ఇసుక తిన్నెలు దాటాలి కాబట్టి ఆ ఆకారం. జాన్ ఎడీ అనే ఓడల నిపుణుడు 1834లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోరమాండల్ తీరపు పడవల గురించి రాసినప్పుడు దోనెలని వివరంగా వర్ణించాడు. 1829-32 మధ్య లా ఫేవరిట్ అనే ఫ్రెంచి ఓడ ప్రపంచయాత్ర చేస్తూ యానాం వైపు వచ్చింది. అందులో ఉన్న పారి అనే యువ అధికారి ఎక్కడికి పోతే అక్కడి పడవల్ని కొలతలతో గీసుకునేవాడు. మన తీరం పడవలు కూడా అతని పుస్తకంలో చేరాయి. కొలిచి గీసింది పైవాళ్ళే. కట్టినవాళ్ళు గీయలేదు, వాళ్ళకి లెక్కంతా చేతిలోనే ఉండేది.

మూడు అలలు, ఒక కొత్త మాట

కోరంగి కథలో సంతోషం ఎక్కువసేపు ఉండదు. 1789 డిసెంబరులో తుఫాను గాలితో మూడు పెద్ద అలలు ఒకదాని తర్వాత ఒకటి ఊరి మీద పడ్డాయి. లంగరు వేసిన ఓడలు ఊరి మధ్యకి కొట్టుకొచ్చాయి. చనిపోయినవాళ్ళు 20,000 మంది అని అప్పటి లెక్క. డాక్ కట్టింది దీని తర్వాతే అని గుర్తుంచుకోండి. అంత చూసి కూడా మళ్ళీ అక్కడే కట్టుకున్నారు.

1839 నవంబరు 25న ఇంకో తుఫాను. 3 లక్షల మంది పోయారని, 20,000 ఓడలు నాశనమయ్యాయని చాలా పుస్తకాల్లో, ఇప్పుడు ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది. ఆ సంఖ్యలు ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్నవి. అంత చిన్న రేవులో 20,000 ఓడలు పట్టడమే నమ్మశక్యం కాదు. సంఖ్య ఎంతైనా, దెబ్బ మాత్రం నిజం. కోరంగి మళ్ళీ మునుపటి స్థాయికి రాలేదు.

ఆ రోజుల్లోనే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతం తుఫాన్ల వివరాలు ఓడల లాగ్‌పుస్తకాల నుంచి పోగుచేస్తున్నాడు. 1789 కోరంగి తుఫాను కూడా అందులో ఉంది. గాలి పాము చుట్టలా తిరుగుతుందని గమనించి, గ్రీకు మాట నుంచి ఆయన పెట్టిన పేరు "సైక్లోన్". 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. ఇప్పుడు టీవీలో ఆ మాట విన్నప్పుడల్లా దాని వెనక మన కోరంగి కూడా ఉందని పిల్లలకి చెప్పవచ్చు.

రేవు పోయింది, పేరు మిగిలింది

1843లో "కోరంగి ప్యాకెట్" అనే ఓడ తెలుగు కూలీలతో మోరిషస్ పోయింది. చెరుకు తోటల పనికి. అలా పోయినవాళ్ళ మనవలు, ముని మనవలు ఇవాళ్టికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు, రామభజనలు చేస్తున్నారు.

ఇంకోవైపు బర్మా. బియ్యం మిల్లులు, రేవు కూలి, రిక్షా లాగడం. తెరచాప ఓడల కాలం పోయి స్టీమర్లు వచ్చాక కాకినాడ, విశాఖ, భీమిలి నుంచి రంగూన్‌కి జనం వేల సంఖ్యలో పోయారు. అప్పటికి కోరంగి పాయ ఇసుకతో మేట వేసి పెద్ద ఓడలకి పనికిరాకుండా పోయింది. ఇనప స్టీమర్‌కి నార కూరేవాడితో పనిలేదు. వ్యాపారం కాకినాడకి మళ్ళింది. అయినా రంగూన్‌లో దిగిన ప్రతి తెలుగువాడూ కోరంగీయే. మొదట్లో అది ఊరు పేరు. పోను పోను కూలివాడు, తక్కువవాడు అనే అర్థంలో తిట్టులా వాడారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరాక కొత్తవాళ్ళని పొమ్మన్నారు. ఆ కోపం తెలుగు కూలీల మీదకి తిరిగింది. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అడవులు దాటి నడిచి వచ్చారు, 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక ఇంకోసారి. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు అందుకే ఉంది.

ఓడల్ని బాగుచేసే నేర్పు వల్ల గౌరవం తెచ్చుకున్న ఒక ఊరు పేరు, ఇంకో దేశంలో తిట్టు అయిపోయింది. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. తిట్టినవాళ్ళకి ఆ రేవు సంగతి తెలియదు సరే. తిట్టు పడినవాళ్ళ పిల్లలకి కూడా తెలియకుండా పోయింది.

ఇప్పుడు అక్కడ ఏముంది?

కోరంగి ఇప్పుడు మడ అడవులకి ప్రసిద్ధి. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెక్కబాట మీద నడిచి, బోటెక్కి, ఫోటోలు దిగి వస్తారు. కాకినాడకి అడ్డుగోడలా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్ళలో పెరిగిందే. రేవుని పూడ్చింది ఆ నదే, కాకినాడకి తుఫాను అల నుంచి కాపు కాస్తున్నదీ ఆ నదే. పక్కనే తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టే పని తర్వాత కూడా చాలాకాలం నడిచింది.

మన పక్కనే ఇంకో తీరం చూడండి. ఉత్తర సింహళంలో వల్వెట్టితురై అనే తమిళ ఊరిలో 1930లో కట్టిన అన్నపూరణి అమ్మాళ్ అనే తెరచాప ఓడని రాబిన్సన్ అనే అమెరికన్ నావికుడు కొన్నాడు. తన భార్య పేరు పెట్టుకున్నాడు. ఆ ఊరి నావికులే దాన్ని 1938లో అమెరికాలో గ్లౌస్టర్ దాకా నడిపి అప్పజెప్పారు. ఆ ఊరివాళ్ళు ఈ కథని ఇప్పటికీ తారీఖులతో, సిబ్బంది పేర్లతో చెప్పుకుంటారు. గోదావరి మొగల నుంచి అంతకంటే ఎన్నో ఓడలు బాగుపడి పోయాయి. మనం చెప్పుకోవడానికి మన దగ్గర పేర్లు లేవు.

పూర్తిగా లేవని కూడా అనకూడదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు ప్రపంచాన్ని చుట్టి, 2018 మేలో తిరిగొచ్చారు. అందులో ఇద్దరు మన తెలుగువాళ్ళు, విశాఖ నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. తిరుగు దారిలో హిందూ మహాసముద్రంలో చుక్కాని తిప్పే యంత్రం పాడైంది. అనుకోని మజిలీగా ఆగి బాగుచేసుకున్నది ఎక్కడో తెలుసా? మోరిషస్‌లో పోర్ట్ లూయీ రేవు. కోరంగి ప్యాకెట్ పోయింది కూడా మోరిషస్‌కే, 175 ఏళ్ళ ముందు.

ఇది చదివేవాళ్ళలో హోసూరు, కోలారు, బళ్ళారి, చెన్నై, ఖరగ్‌పూర్, ఇంకా దూరంగా ఉన్న తెలుగు ఇళ్ళవాళ్ళు ఉంటారు. మీ ఇళ్ళలో ఎవరైనా "మా ముత్తాత రంగూన్ పోయాడు", "మా వాళ్ళు రేవు పని చేసేవాళ్ళు", "మా ఇంటిపేరు వాళ్ళు తాళ్ళరేవు వైపు వడ్రంగులు" అని చెబితే, ఆ మాట అక్కడితో వదిలేయకండి. పేరు, ఊరు, ఏ సంవత్సరం, ఏ పని అని నాలుగు ముక్కలు రాసి పెట్టండి. తెలుగు లిపి రాకపోతే కన్నడంలో రాయండి, తమిళంలో రాయండి, వాట్సాప్‌లో గొంతు రికార్డ్ చేసి ఉంచండి. నరసాపురంలో గ్లోబ్ ఓడకి తొడుగు కొట్టిన మేస్త్రీ పేరు ఇక దొరకదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళని అడగడానికి ఈ ఆదివారం చాలు.